లాల్‌బాగ్ గోడ ఎప్పుడు లోపలికి జరిగింది?

బెంగళూరులో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగ రోడ్డు తవ్వాలన్న ప్రతిపాదనతో లాల్‌బాగ్ మళ్లీ వివాదంలో పడింది. రోడ్డు నేల మీదికి వచ్చే ర్యాంపుకు, దానికి తోడు కట్టే నిర్మాణాలకు తోటలో ఆరెకరాలకు పైగా చూపించారని 2025లో బయటపడింది. రోజూ పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. అక్టోబరులో ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ తోటకు వచ్చి జనంతో మాట్లాడారు. ఆరెకరాలు తీసుకోబోమని, ఓ మూలన అర ఎకరం చాలని ప్రభుత్వం వైపు నుంచి సర్దుబాటు మాట వచ్చింది. ‘కాస్తే కదా’ అన్న ఈ మాటను లాల్‌బాగ్ ఇంతకుముందు ఒకసారి విన్నది.

హైదర్ అలీ 1760లో తోట వేయించడం, టిప్పు దూరదేశాల మొక్కలు తెప్పించడం బడిపిల్లలకూ తెలిసిన కథే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే రాజులను వదిలి తోట సరిహద్దును చూడాలి. జాన్ కామెరాన్ పర్యవేక్షకుడిగా ఉన్న కాలంలో, 1889లో తూర్పున 30 ఎకరాలు కలిశాయి. అద్దాల మేడకు శంకుస్థాపన జరిగిందీ ఆ ఏడాదే. 1891లో కెంపేగౌడ గోపురం ఉన్న కొండబండతో సహా 13 ఎకరాలు, 1894లో దాని కింద మరో 94 ఎకరాలు వచ్చి చేరాయి. పెరుగుతూ పెరుగుతూ తోట ఇవాళ 240 ఎకరాలయింది. మనం బెంగళూరు వంకాయ అని పిలిచే సీమ కాయను కూడా కామెరాన్ కాలంలోనే ఇక్కడ పెంచి చుట్టుపక్కల రైతులకు పంచారని చెబుతారు. తెలుగు వంటింటికీ ఈ తోటకూ బంధుత్వం అలా కలిసింది.

1908లో వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబిగల్ ఇంకో పని చేశాడు. ఒక చెట్టు పూత అయిపోయేలోపు ఇంకో చెట్టు పూత అందుకోవాలన్నది ఆయన ఆలోచన. ఏడాది పొడవునా ఊళ్లో ఏదో ఒక మూల పూలు ఉండేలా చెట్లను ఎంచి నాటించాడు. జనవరి, ఫిబ్రవరిలో గులాబీ టబెబుయా ఆకులన్నీ రాల్చేసి ఒళ్లంతా పూస్తుంది. మార్చిలో పసుపు టబెబుయా, ఊదారంగు జకరండా. ఎండలు ముదిరాక తురాయి ఎర్రబడుతుంది. వానలు వెనకపట్టాక ఆకాశమల్లె తెల్లవారుజామున నేల మీద పూలు పరుస్తుంది. జనవరి, ఆగస్టు నెలల్లో అద్దాల మేడలో జరిగే ఫలపుష్ప ప్రదర్శనకు లక్షల మంది వస్తారు. అక్కడి పూలు కుండీల్లో పెంచి తెచ్చినవి. క్రుంబిగల్ లెక్క నిలిచేది మాత్రం పెద్ద చెట్ల మీద. కొట్టిన చెట్టుకు బదులు వేరే చోట పది మొక్కలు నాటుతామని అధికారులు చెప్పినప్పుడల్లా ఇక్కడివాళ్లకు కోపం వచ్చేది అందుకే. ఆ పది మొక్కలూ ఎదిగి పూసేలోగా ఇక్కడ ఒక నెల బోసిగా మిగిలిపోతుంది.

అసలు మలుపు 2009. అంతకు చాలా ముందే, 1975లో, కర్ణాటక ప్రభుత్వ ఉద్యానవనాల పరిరక్షణ చట్టం వచ్చింది. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు వంటి తోటల భూమిని అమ్మడం గానీ ఇతరులకు ధారాదత్తం చేయడం గానీ కుదరదన్నది దాని సారం. ముప్పై ఏళ్లకు పైగా ఆ చట్టమే తోటకు రెండో గోడ. మెట్రో దక్షిణ మార్గం ఆర్.వి. రోడ్డు మీదుగా రావాలనుకున్నప్పుడు తోట అంచున పావు ఎకరానికి కాస్త పైన భూమి అవసరమైంది. మార్గం మార్చలేదు, చట్టాన్ని సడలించారు. ఏప్రిల్ 2009లో గోడ పగలగొట్టి చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. రోడ్డు మధ్యనున్న లక్ష్మణరావు పార్కు నీడ కూడా పోయింది. ‘హసిరు ఉసిరు’ పేరుతో కలిసిన జనం చెట్లను పట్టుకుని నిలబడ్డారు, కొందరు కోర్టుకు వెళ్లారు. చెట్లు మాత్రం మిగల్లేదు.

మెట్రో వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. 2017లో ఆ మార్గం మొదలై లాల్‌బాగ్ పేరుతోనే స్టేషను వచ్చింది, రోజూ వేలమంది ఎక్కుతున్నారు. బస్సు కన్నా రైలు నయమని చెట్ల కోసం ఏడ్చినవాళ్లూ ఒప్పుకుంటారు. సొరంగ రోడ్డుకు ఆ వాదన కూడా అతకదు. అది కార్ల కోసం వేసే దారి, ఎక్కేవాళ్లు సుంకం కట్టాలి.

ఆ పావు ఎకరంతో పోయింది కొన్ని చెట్లే కాదు. అప్పటిదాకా బయటికి పెరుగుతూ వచ్చిన గోడను లోపలికి జరపవచ్చని తేలింది. చట్టం అడ్డొస్తే దానికి మినహాయింపు రాసుకోవచ్చనీ తేలింది. ఇవాళ అర ఎకరం అడుగుతున్నవాళ్ల ధీమా అక్కడి నుంచి వచ్చిందే.

ఈసారి నేల కింద సంగతి కూడా ఉంది. గోపురం నిలబడ్డ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించినది. దాని పక్కనే నీళ్లు నిలిచే చెరువు, ఆ నీళ్ల మీద ఆధారపడ్డ కొంగలు, నీటికాకులు, గూడబాతులు. బండను తొలిచి సొరంగం వేస్తే ఊట ఎటు మళ్లుతుందో చెప్పమని భూవిజ్ఞానులు అడుగుతున్నారు. 2025లో హైకోర్టుకు పిటిషన్లు చేరాయి, ర్యాంపును తోట బయటికి మార్చే మాటలూ వినిపించాయి. అలా మార్చడం 2009లోనూ సాధ్యమే అయ్యేదని అప్పట్లో చెట్లను పట్టుకున్నవాళ్లు ఇప్పటికీ అంటున్నారు.