జాడీలో ఉప్పు, రీల్‌లో ఉప్పు

మే నెలలో విశాఖ దగ్గరి యారాడ రాళ్ళ మీద గేలం వేసి వచ్చాక, గేలపు దారం చుట్టే నా రీల్‌ని సంచీతో సహా అటక మీద పడేశాను. ఆగస్టులో తీసి హ్యాండిల్ తిప్పితే తిరగలిలో రాయి పడ్డట్టు కరకర. పాత పేపరు పరిచి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. నాలుగింటిలో మూడు వచ్చాయి. నాలుగోది తల అరిగిపోయిందే తప్ప కదల్లేదు. మర్నాడు ఎలాగో దాన్ని కదిల్చి మూత ఊడదీస్తే లోపల మూడు రంగులు కనిపించాయి. స్క్రూ బిగించిన చోట చుట్టూ తెల్లపొడి. చిన్న ఇత్తడి పళ్ళచక్రం మీద పచ్చటి మరక. దారం జారే బుల్లి రోలర్ బేరింగులో ఎర్రమట్టిలాంటి ముద్ద.

ఇత్తడికైతే చిలుము, ఇనుముకైతే తుప్పు. మనకు పేర్లున్నాయి. అల్యూమినియం మీద లేచే తెల్లపొడికి మాత్రం విడిగా పేరు విన్న గుర్తు లేదు. సత్తు గిన్నెలు మన వంటింట్లోకి వచ్చి వందేళ్ళకు కాస్త అటూ ఇటూ, అంతే కదా. ఇంకా పేరు పెట్టుకోలేదేమో.

అప్పుడొచ్చింది అసలు అనుమానం. కొన్నప్పటి నుంచి ఆ రీల్ సముద్రం దగ్గర గడిపింది మొత్తం కలిపినా ఇరవై గంటలుండదు. అటక మీద మూడు నెలలుంది. మరి దాన్ని తినేసింది సముద్రమా, అటకా?

అటకే. ఎలాగో తెలియాలంటే కల్లుప్పు జాడీలోకి చూడాలి. వానలు మొదలయ్యాక జాడీ అడుగున నీరు ఊరుతుంది. ఎవరూ పోయలేదు, పైకప్పు కారలేదు. ఉప్పే గాలిలోని తేమను లాక్కుని అందులో తానే కరుగుతుంది. శుద్ధమైన సోడియం క్లోరైడు ఈ పని చేయాలంటే గాలిలో తేమ సుమారు 75 శాతం ఉండాలి. సముద్రపు నీటిలో ఉన్నది అదొక్కటే కాదు. లీటరు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పులుంటే, అందులో క్లోరైడు 19 గ్రాములు, సోడియం 11 గ్రాముల దాకా, మెగ్నీషియం 1.3 గ్రాములు. ఈ చివరిదే కొంటెది. మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం తేమ దొరికితే చాలు, నీళ్ళు తాగడం మొదలుపెడుతుంది. ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు నీటిలో పోయేది ఎక్కువగా ఈ మెగ్నీషియం ఉప్పులే. తీసిన ఉప్పును కుప్ప పోసి వదిలేస్తే ఇంకా అంటుకున్న ఆ చేదు నీరు కారిపోతుంది. అయినా కల్లుప్పులో ఎంతో కొంత మిగులుతుంది కాబట్టే జాడీలో నీరు. ప్యాకెట్ ఉప్పును శుద్ధి చేస్తారు కాబట్టి అది కాస్త పొడిపొడిగా ఉంటుంది.

రీల్ మీద ఎండిన సముద్రపు నీటికి ఈ శుద్ధి ఏదీ జరగదు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పులన్నీ అక్కడే ఉండిపోతాయి. చేత్తో ముట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది. విశాఖలాంటి ఊళ్ళో గాలిలో తేమ వానాకాలం పొడుగునా 75 దాటి ఉండటం మామూలే. అంటే అటక మీద ఆ రీల్ మూడు నెలలూ తడిగానే ఉంది, కంటికి కనపడనంత పల్చగా.

పల్చగా ఉండటమే దానికి చేటు. తుప్పు పట్టాలంటే లోహం, నీరు, ఆక్సిజన్ మూడూ కలవాలి. నిండా మునిగిన ఇనుముకు ఆక్సిజన్ మెల్లగా అందుతుంది. పల్చటి నీటి పొర కింద ఉన్న ఇనుముకూ గాలికీ మధ్య అంగుళం దూరం కూడా ఉండదు, ఆక్సిజన్ ఎడాపెడా అందుతుంది. పోర్టుల్లో పాతిన ఉక్కు స్తంభాలు ఎక్కడ ఎక్కువ దెబ్బతింటాయో చూడండి. నీళ్ళ అడుగున కాదు, అలలు ఎగిరిపడి తడుస్తూ ఆరుతూ ఉండే పైభాగంలో. రామేశ్వరం దగ్గర 1914లో మొదలైన పాత పాంబన్ వంతెన ఉక్కు గర్డర్లు కూడా నీళ్ళలో లేవు, ఉప్పుగాలిలోనే ఉన్నాయి. వాటికి జీవితమంతా రంగులు, మరమ్మతులే. 2022 డిసెంబరులో దాని మీద రైళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో పక్కనే కొత్త వంతెన మొదలైంది.

ఇప్పుడు ఆ కదలని స్క్రూ దగ్గరికి వద్దాం. ఒళ్ళు అల్యూమినియం, స్క్రూ స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వేరు లోహాలు తగులుకుని ఉండి, రెంటినీ కలుపుతూ ఉప్పునీరుంటే అదొక చిన్న బ్యాటరీ. ఏ లోహం ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుతుందో అది కరుగుతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. సముద్రపు నీటిలో ఈ వరస దాదాపు ఇలా ఉంటుంది: అందరికంటే ముందు మెగ్నీషియం, తర్వాత జింకు, అల్యూమినియం, మామూలు ఇనుము, ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు. చిట్టచివర, ఎవరికీ లొంగకుండా, గ్రాఫైటు. కాబట్టి స్క్రూ మెరుస్తూనే ఉంది, దాని చుట్టూ ఒళ్ళు పొడైపోయింది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే స్క్రూ మరల్లో ఇరుక్కుపోయింది. నీటి పొర పల్చగా ఉంటే కరెంటు దూరం పారదు. అందుకే పొడి ఒంటి నిండా కాకుండా స్క్రూ చుట్టూ ఉంగరంలా లేచింది. కార్బన్ ఫైబర్ గేలపు కర్రకు రీల్‌ని బిగించే అల్యూమినియం సీటు ఉన్నచోట కూడా ఇదే గొడవ. కార్బన్ ఫైబర్ కరెంటును పారనిస్తుందని, ఈ వరసలో అది గ్రాఫైటుకు తోబుట్టువని చాలామందికి తట్టదు.

ఈ బ్యాటరీని మన వైపు తిప్పుకోవచ్చని 1824లో చూపించినవాడు హంఫ్రీ డేవీ. అప్పట్లో బ్రిటిష్ నౌకాదళం చెక్క ఓడల అడుగున రాగి రేకులు కొట్టేది. ఉప్పునీటికి రాగి తరిగిపోతుంటే, దానికి ఇనుము ముక్కో జింకు ముక్కో తగిలించమన్నాడు డేవీ. రాగి బదులు ఆ ముక్క కరిగింది, రాగి చెక్కుచెదరలేదు. అంతా బాగుందనుకుంటే కొత్త తలనొప్పి. రాగి కొద్దికొద్దిగా కరుగుతూ నీటిలోకి విషం వదలడం వల్లే ఇన్నాళ్ళూ నాచు, గవ్వపురుగులు ఓడకు అంటుకోలేదు. రాగి కరగడం ఆగేసరికి అవి గుత్తులు గుత్తులుగా పట్టి ఓడల వేగం తగ్గించాయి. చివరికి ఆ ముక్కలు పీకించేశారు. సైన్సు నెగ్గి, పని చెడిన కథల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ఈ రోజుల్లో ఒడ్డుకెక్కించిన స్టీలు పడవ అడుగు చూస్తే సబ్బుబిళ్ళల్లా బిగించిన జింకు దిమ్మలు కనిపిస్తాయి. డేవీ ఆలోచనే అది.

రీల్‌కి కూడా ఓ జింకు ముక్క తగిలిస్తే సరిపోదా అని నేనూ అనుకున్నాను. సరిపోదు. జింకుకీ, అది కాపాడాల్సిన లోహానికీ మధ్య నీరు ఎడతెగకుండా ఉండాలి. సముద్రంలో మునిగిన పడవకు ఆ నీరుంది. రీల్‌లో ఉన్నవి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. ఒక చుక్కలో జింకు చేసే త్యాగం పక్క చుక్కకు తెలియదు.

మరి స్టెయిన్‌లెస్ బేరింగు ఎందుకు తుప్పుపట్టింది? కల్లుప్పు జాడీలో స్టీలు చెంచా వదిలేసిన ఇంట్లో ఎవరైనా దీనికి జవాబు చూసే ఉంటారు. చెంచా మీద గుండుసూది మొన అంత గుంటలు పడతాయి. అందుకే మా అమ్మ జాడీలో కొబ్బరిచిప్ప గరిటె తప్ప మరొకటి పెట్టనిచ్చేది కాదు. స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాని పైన ఒక అతిపల్చటి ఆక్సైడు పొర కడుతుంది. గీత పడ్డా ఆక్సిజన్ ఉంటే చాలు, పొర తనంతట తనే అతుక్కుంటుంది. క్లోరైడు ఆ పొరను చిన్న చిన్న చోట్ల తూట్లు పొడుస్తుంది. ఇరుకు సందులో, వాషరు కింద, బేరింగు బంతుల మధ్య ఆక్సిజన్ అందదు కాబట్టి తూటు పూడదు. లోపలి నీరు ఆమ్లంగా మారి ఇంకా లోతుకు తవ్వుతుంది. 316 రకం స్టీలులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపేది ఈ తూట్లను తట్టుకోవడానికే. బేరింగుకు మాత్రం గట్టిదనం కావాలి. గట్టిదనం కోసం కార్బన్ ఎక్కువ వేస్తారు. ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనతో కట్టిపడేస్తుంది. ఇక పొర కట్టడానికి మిగిలే క్రోమియం తక్కువ. కాబట్టి ప్యాకెట్ మీద స్టెయిన్‌లెస్ బేరింగు అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింత ఏమీ లేదు.

భీమిలిలో పరిచయమైన ఓ పెద్దాయన ఉన్నాడు. రీలూ గీలూ లేకుండా చేతిగేలంతోనే పార చేపలు పడతాడు. నా కథ విని నవ్వాడు. "సముద్రస్నానం చేసొచ్చి ఉప్పొంటితోనే పడుకుంటావా బాబూ? మరి దాన్నెందుకు అలాగే పడుకోబెట్టావు?"

స్నానం చేయించాలి. అందులోనూ పద్ధతుంది. ఇంటికి రాగానే, ఉప్పు ఎండకముందే కడగాలి. చేప లాగితే దారం ఎంత బిగువుగా వదలాలో చూసేది డ్రాగ్. ముందు దాని నాబ్ పూర్తిగా బిగించాలి, లేకపోతే నీరు లోపలి వాషర్లలోకి దిగుతుంది. పైపు మూతికి వేలు అడ్డంపెట్టి జోరుగా కొట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పైన ఉన్న ఉప్పును మనమే నీళ్ళతో సహా గేర్లలోకి తోసినట్టు. మొక్కలకు చల్లినట్టు మెల్లగా చల్లితే చాలు. ఎండలో వేడెక్కిన రీల్‌ని బకెట్లో ముంచకూడదు. లోపలి గాలి చల్లబడి ముడుచుకుని నీటిని లోపలికి పీల్చేస్తుంది. సర్ఫు నీళ్ళు వద్దు. బట్టల పొడిలోని క్షారం అల్యూమినియం పైపొరను కరిగిస్తుంది. ఇత్తడి బిందెకు తోమే చింతపండు కూడా రీల్ ఒంటికి పనికిరాదు.

దారం చుట్టుకునే స్పూల్‌ని మాత్రం విడిగా తీసి నానబెట్టాలి. జడలా అల్లిన దారం దీపం వత్తిలా ఉప్పునీటిని పీల్చి లోపలి చుట్ల దాకా తీసుకెళ్తుంది. పైన ఆరినా అడుగున స్పూల్ లోహాన్ని తింటూ ఉంటుంది. బియ్యం కడిగినట్టు మూడు నీళ్ళు మార్చాలి. ఒకేసారి బకెట్ నీళ్ళు పోయడం కంటే, కొంచెం కొంచెంగా మూడుసార్లు పోసి పారబోయడమే తక్కువ నీటితో ఎక్కువ ఉప్పు తీసేస్తుంది. మూడో నీటిలో వేలు ముంచి నాలుక మీద పెట్టి చూశాను. ఇంకా లేతగా ఉప్పగానే ఉంది. నాలుగోసారి మార్చాను.

ఏ నీటితో కడుగుతున్నామన్నది ఇంకో చిక్కు. తీరం పక్క అపార్టుమెంట్లలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండటం మామూలే. ఆర్ఓ ఫిల్టరు వదిలేసే నీటిని బకెట్లో పట్టి వాడటం మనకు పొదుపైన అలవాటు, కానీ మంచినీటి గ్లాసులోకి రానివ్వని లవణాలన్నీ వెళ్ళేది ఆ బకెట్లోకే. ఆ నీటితో రీల్ కడిగితే ఉప్పు తీసి ఉప్పు పూసినట్టే. మున్సిపల్ కుళాయి నీళ్ళు ఉత్తమం. మన భాషలో వాటిని మంచినీళ్ళు అనడం ఈ పని దగ్గర అక్షరాలా నిజం.

తుడిచి, నీడన ఆరబెట్టాక డ్రాగ్ వదులు చేయాలి. రోలర్‌కి, హ్యాండిల్ కీలుకి చెరో నూనె చుక్క. గేర్లకు గ్రీజు పూత, అది నీటిని దగ్గరికి రానివ్వదు. రీల్ వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌లో మాత్రం గ్రీజు పెడితే క్లచ్ పట్టు జారిపోతుంది. ఇక్కడే చాలామంది డబ్ల్యూడీ-40 డబ్బా తీసి బుస్సుమనిపిస్తారు. 1953లో అమెరికాలోని శాండియాగోలో తయారైంది అది. పేరుకు అర్థం నీటిని తోసేసేది, నలభయ్యో ప్రయత్నం అని. మొదట్లో అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. నీటిని బాగానే తరుముతుంది. కానీ గేర్లలోని గ్రీజును కూడా పల్చన చేసి తరిమేస్తుంది. ఇరుక్కున్న నా నాలుగో స్క్రూ మీద రాత్రంతా పనిచేసింది అదే, పొద్దున్నకి స్క్రూ కదిలింది. కదిలాక తుడిచేసి గ్రీజు పెట్టాను.

గేలపు ముళ్ళ సంగతి కొంచెం వేరు. చాలావాటికి తగరం పూతో నికెల్ పూతో ఉంటుంది. ఈ రెండూ ఇనుమంత తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదలవు. పూత చెక్కుచెదరనంత కాలం కాపాడతాయి, ఎక్కడైనా గీత పడితే మాత్రం బ్యాటరీలో బలయ్యేది లోపలి ఇనుమే. జింకు పూతైతే తనే కరిగి ఇనుమును కాపాడేది. ముల్లు మొండిబారిందని ఆకురాయితో పదును పెడతాం. పూత పోయేది సరిగ్గా మొన దగ్గరే. అందుకే పదునుపెట్టిన ముల్లు మొన నుంచే ఎర్రబడుతుంది. వాడిన ముల్లును తడితో మళ్ళీ కొత్తవాటి డబ్బాలో పడేస్తే మూత కింద ఆ తేమ, ఆ ఉప్పు అన్నిటికీ పంచుతుంది. నేనిప్పుడు వాడినవాటికి ఖాళీ పచ్చడి డబ్బా పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక కడిగి ఆరబెడతాను. ఇంత చేసినా ముల్లు తుప్పుపట్టకుండా ఉండిపోవాలని మాత్రం కోరుకోను. దారం తెంపుకుపోయిన చేప నోట్లో ఉన్న ముల్లు ఎన్నాళ్ళకో అన్నాళ్ళకు తుప్పుపట్టి రాలిపోతేనే మేలు.

రీల్‌కి కొత్త బేరింగు వేయించాను. తెల్లపొడి గీకిన చోట ఒంటి మీద గుంట అలాగే ఉంది. అది పూడదు. ఇప్పుడు రీల్ అటక మీద కాదు, హాల్లో పుస్తకాల అలమారాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగింటితో గాలి చొరబడని డబ్బాలో ఉంటోంది. మొన్న జూలై చివర జాడీ అడుగున నీరు కనిపించగానే డబ్బా తెరిచి హ్యాండిల్ తిప్పి చూశాను. చప్పుడు లేదు.