ఒసాకా నగరం రద్దు వివాదం: 1889 నుంచి నలుగుతున్న పేచీ

ఒసాకా నగరాన్ని రద్దు చేసి, టోక్యో తరహాలో ప్రత్యేక వార్డులుగా విడగొట్టాలన్న ప్రతిపాదనను అక్కడి ఓటర్లు 2015లో ఒకసారి, 2020లో మరోసారి తిరస్కరించారు. మొదటిసారి తేడా 10,741 ఓట్లు మాత్రమే. ఒక నగరం ఉండాలా వద్దా అన్నదానిపై జనం ఇలా రెండుగా చీలడం వెనుక శతాబ్దం దాటిన తగవు ఉంది.

1889 ఏప్రిల్‌లో జపాన్‌లో 'షి' అనే నగర పాలన వ్యవస్థ చట్టబద్ధంగా అమల్లోకి వచ్చింది. వీటిపైన 'ఫు', 'కెన్' అనే ప్రాంతీయ పాలన విభాగాలు ఉండేవి. అయితే టోక్యో, ఒసాకా, క్యోటోలకు నగర హోదా ఇచ్చినా సొంత మేయరును ఇవ్వలేదు. ప్రభుత్వం నియమించిన గవర్నరే ఆ బాధ్యతలు కూడా చూసేవారు. ఈ ఏర్పాటుపై నిరసనలు పెరగడంతో 1898 అక్టోబరు 1న దాన్ని తొలగించారు. టోక్యోవాసులు నేటికీ ఆ తేదీని పౌరుల దినంగా జరుపుకుంటారు. కానీ ఆ రోజు స్వపరిపాలన దక్కించుకున్న టోక్యో నగరమే ఇప్పుడు చట్టంలో లేదు. యుద్ధకాలంలో, 1943 జులైలో, దాన్ని ఫులో కలిపేసి 'తో' అనే కొత్త హోదా సృష్టించారు. నగరం స్థానంలో మిగిలినవి 23 ప్రత్యేక వార్డులు. వాటికి ఎన్నికైన అధిపతులు, సభలు ఉన్నా నీటి సరఫరా, అగ్నిమాపక సేవల వంటివి 'తో' చేతిలోనే ఉన్నాయి.

యుద్ధం తరువాత, 1947 చట్టం ఒసాకా, నగోయా, క్యోటో, యోకొహామా, కోబెలను ప్రాంతీయ ప్రభుత్వాల నుంచి పూర్తిగా వేరుచేసే వీలు కల్పించింది. ఆ ప్రభుత్వాలు గట్టిగా అడ్డుపడ్డాయి. పైగా, ఓటింగు నగరంలో మాత్రమే కాక, ఆ ప్రాంతం మొత్తంలో జరగాలని నిబంధన పెట్టడంతో దారి మూసుకుపోయింది. చివరకు 1956లో రాజీగా ఆ అయిదింటినీ 'ప్రత్యేక నిర్దేశిత నగరాలు' చేశారు. అధికారాలు పెరిగాయి, విడివడడం మాత్రం జరగలేదు.

దాని ఫలితం ఒసాకాలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1990లలో నగర పాలకులు సముద్రతీరాన 256 మీటర్ల వాణిజ్య భవనం కట్టిస్తే, ఫు ప్రభుత్వం విమానాశ్రయం ఎదుట 256.1 మీటర్ల టవరును నిలబెట్టింది. పది సెంటీమీటర్ల ఆధిక్యం. ఆ రెండూ ఆర్థికంగా దెబ్బతిన్నాయి. ఒకే పనికి రెండు ప్రభుత్వాలు ఖర్చు పెట్టే ఈ తీరే నగరం రద్దు కోరినవారి ప్రధాన వాదనగా మారింది.

ప్రత్యేక వార్డుల ఏర్పాటుకు 2012 చట్టం అనుమతి ఇచ్చింది. అయితే ఈసారి ఓటు హక్కు నగరవాసులకే పరిమితమైంది. 1947లో నగరానికి ప్రతికూలంగా తిప్పిన అదే మీట, 2015లో నగరం చేతికి వచ్చింది.