పాలమూరు, నల్లగొండ వైపు సొంతిల్లు: నేల, నీళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఇల్లు మొదలుపెట్టే ముందు మాటలన్నీ సిమెంటు బ్రాండు చుట్టూ, స్టీలు రేటు చుట్టూ తిరుగుతాయి. పగుళ్లు, చెమ్మ, కుంగుడు వచ్చిన ఇళ్లను పరిశీలిస్తే కారణం ఎక్కువగా నేల దగ్గరో నీళ్ల దగ్గరో దొరుకుతుంది. మన వైపు మేస్త్రీలు, చుట్టాలు చెప్పే కొన్ని మాటలు, వాటి అసలు సంగతి ఇది.

అపోహ: “బండ తగిలింది, ఇక పునాదికి ఢోకా లేదు.”

ఇల్లంతా ఒకే బండ మీద నిలిస్తే ఆ మాట నిజమే. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు చెలక నేలల్లో మాత్రం ఒక మూల మూడడుగులకే బండ తగులుతుంది, ఇంకో మూల ఎనిమిదడుగులు తవ్వినా మొరమే వస్తుంది. సగం పిల్లర్లు బండ మీద, సగం మొరం మీద నిలబడితే మొరం వైపు ఫుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మెలు) కొంత కుంగుతాయి, బండ వైపువి కదలవు. పదడుగుల దూరంలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే చాలు, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. తర్వాత ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా ఆ చీలిక మళ్లీ తేలుతుంది.

ఇంకో చిక్కు గుండు. మట్టిలో విడిగా కూరుకున్న రాయి కూడా పైనుంచి బండలాగే కనపడుతుంది. గడ్డపారతో కొట్టి మోత వినడం పాత పద్ధతి. ఖంగుమంటే గట్టి రాయి అని తెలుస్తుంది కానీ, దాని కింద ఏముందో తెలియదు. డ్రిల్లుతో కనీసం మీటరు లోతుకు రెండు మూడు చోట్ల రంధ్రాలు వేయించండి. బిట్టు మధ్యలో ఒక్కసారిగా జారి మట్టిలోకి దిగితే అది గుండే. దాన్ని బ్రేకరుతో పగలగొట్టి తీసేయాలి. అసలు బండే అయి ఏటవాలుగా ఉంటే మెట్లుగా చదును చేయించాలి. డిజైన్‌లో ఇంజినీరు చూపిన చోట రంధ్రాలు వేసి, ఊది శుభ్రం చేసి, గ్రౌటుతో (పల్చటి సిమెంటు ముద్దతో) రాడ్లు దింపాలి. బండ, మొరం రెండూ తప్పనప్పుడు మొరం వైపు ఫుటింగుల సైజు, పిల్లర్లను కలిపే టై బీములు మళ్లీ లెక్క వేయించాలి. పక్కింటి ప్లాను జిరాక్సు ఇక్కడ పనికిరాదు.

అపోహ: “నల్లరేగడిలో ఫుటింగు వెడల్పు చేసి, సిమెంటు ఎక్కువ వేస్తే సరిపోతుంది.”

అలంపూర్, మక్తల్ వైపు నల్లరేగడిలో ఇల్లు కుంగడం కంటే, నేల ఉబ్బి ఇంటిని పైకి నెట్టడం పెద్ద బాధ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. రేగడి లోతుగా ఉన్న చోట ఈ కదలిక సుమారు 3.5 మీటర్ల లోతు దాకా ఉంటుంది. అందుకే అక్కడ కింద గుండ్రటి ఉబ్బు ఉండే కాంక్రీటు స్తంభాలు (అండర్ రీమ్డ్ పైల్స్) నేలలోకి దింపుతారు. ఉబ్బు వ్యాసం పైల్ వ్యాసానికి 2.5 రెట్లు ఉంటుంది. పైల్స్‌ను కలిపే బీము కింద మూడు అంగుళాలకు పైగా ఖాళీ వదలాలి. చాలామంది ఆ ఖాళీలో మట్టి కూరేస్తారు. నేల ఉబ్బినప్పుడు బీమును ఎత్తేది ఆ మట్టే. తవ్వి తీసిన రేగడితో బేస్‌మెంటు నింపకండి. మొరం తెప్పించి తొమ్మిది అంగుళాల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ఇంటి చుట్టూ ఐదడుగుల కాంక్రీటు అంచు వేసి, బాత్రూం పైపుల కీళ్లు కారకుండా చూసుకుంటే సగం ముప్పు తప్పుతుంది.

అపోహ: “ఫ్లోరైడ్ నీళ్లతో స్లాబ్ పోస్తే చెడిపోతుంది.”

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఈ భయం సహజమే. ఎముకల మీద ఫ్లోరైడ్ చేసిన పని ఆ ఊళ్లు చూశాయి. కానీ కాంక్రీటుకు నీళ్లు పరీక్షించే ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) పట్టికలో ఫ్లోరైడ్ అసలు లేదు. అక్కడ చూసేది క్లోరైడ్, సల్ఫేట్, పీహెచ్. రాడ్లున్న కాంక్రీటుకు లీటరులో క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400 మించకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. క్లోరైడ్ ఎక్కువైతే లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. బోరు నీళ్ల రిపోర్టులో ఆ మూడు గడులు చూడండి. ఊరి వాటర్ ప్లాంటు బయటికి వదిలే వృథా నీళ్లను కలపడానికీ, తడపడానికీ వాడొద్దు. బోరులో ఉన్న ఉప్పంతా వాటిలో చిక్కబడి ఉంటుంది.

ఫ్లోరైడ్ గురించి ఆలోచించాల్సింది ప్లంబింగ్ దగ్గర. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకుంటే 1.5 దాకా. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. కాబట్టి మిషన్ భగీరథ నల్లాకూ, బోరుకూ సంపులో వేర్వేరు గదులు, పైన వేర్వేరు ట్యాంకులు, వంటింటికి విడి పైపు పెట్టించండి. గోడలు పూత పూశాక ఈ పని చేయాలంటే మళ్లీ గాడులు కొట్టాల్సిందే.

అపోహ: “53 గ్రేడు వాడాం, రెండు బస్తాలు ఎక్కువే వేశాం. బలానికి లోటు లేదు.”

53 అనేది 28 రోజులకు ప్రయోగశాలలో ఆ సిమెంటు చూపాల్సిన బలం, మీ స్లాబ్ బలం కాదు. స్లాబ్ బలాన్ని తేల్చేది బస్తాకు పోసే నీళ్లు. 1:1.5:3 పాళ్లలో ఒక బస్తా సిమెంటుకు 35 లీటర్ల కొలత పెట్టెతో ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పడతాయి. తట్టల లెక్క కూలీ చేతిని బట్టి మారుతుంది, పెట్టె మారదు. నీళ్లు సుమారు 25 లీటర్లు, అంటే 20 లీటర్ల పెయింటు డబ్బాతో ఒకటింబావు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ.

జరిగేదేమిటంటే, మధ్యాహ్నానికి మాలు బిగుసుకుంటుంది, పరచడం కష్టమని మిల్లర్‌లో రెండో డబ్బా కూడా నిండుగా పోస్తారు. 40 లీటర్లు పడితే బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. ఎక్కువైన నీళ్లు ఆవిరై వదిలిన సన్నని దారుల్లోంచే తర్వాత వాన నీళ్లు దిగుతాయి. జారుడు కావాలంటే నీళ్లు పెంచకుండా మాలును జారేలా చేసే ప్లాస్టిసైజరు మందు, డబ్బా మీద రాసిన మోతాదులోనే కలపాలి. దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు చేతులకు ఇది తెలియని పని కాదు. చీకటి పడేలోపు ముగించాలన్న తొందరే పాడు చేస్తుంది. ఎండాకాలంలో కంకరను ముందురోజే తడిపి, తెల్లవారుజామున మొదలుపెట్టండి.

సిమెంటు మనకు దగ్గరే, వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. తాజాది తెప్పించుకోవడం తేలిక. గోడ కట్టుబడికీ, పూతకూ పీపీసీ (ఫ్లైయాష్ వంటివి కలిపిన సిమెంటు) మేలు.

అపోహ: “వారం రోజులు నీళ్లు పట్టాం, ఇక చాలు.”

ఏడు రోజులు ఓపీసీకి, అంటే అలాంటివి కలపని మామూలు సిమెంటుకు. ఎండ, పొడిగాలి ఉంటే పదికి తగ్గకూడదు, పీపీసీకి పద్నాలుగు మంచిది. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. పిల్లర్లకు గోనె సంచులు చుట్టి తడి ఆరకుండా చూడాలి. పైపుతో పొద్దున ఒకసారి చిమ్మితే పది గంటలకే ఆరిపోతుంది.

సెంట్రింగ్ తీయడంలోనూ రెండు అతులు కనిపిస్తాయి. సామాను అద్దె రోజు లెక్క కాబట్టి ఐదో రోజే తీసేసేవాళ్లు కొందరు, అన్నిటికీ 21 రోజులు అనేవాళ్లు కొందరు. గోడ నుంచి గోడకు 4.5 మీటర్ల లోపు స్లాబుకు పోట్లు (కింద నిలబెట్టే ఆధారాలు) 7 రోజులు, అంతకు మించితే 14. బీముకు 6 మీటర్ల దాకా 14, ఆపైన 21. ఇవి ఓపీసీ లెక్కలు, పీపీసీకి ఇంకొన్ని రోజులు కలపండి.

అపోహ: “రోబో సాండ్ అంటే క్వారీ డస్టే.”

కాదు. డస్టు కంకర మిషను కింద మిగిలేది, రోబో సాండ్ రాయిని ఇసుక కొలతలకు నలగ్గొట్టి జల్లించింది. ఐఎస్ 383 దీన్ని ఒప్పుకుంటుంది. మోసం ఎక్కువగా లారీ దగ్గర జరుగుతుంది, పిడికిట్లో పట్టి వదిలితే అరచేతికి బూడిదలా అంటుకునేదాన్ని దింపుకోవద్దు. కాంక్రీటుకు ఒక రకం, పూతకు సన్నది.

అపోహ: “ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు. వాస్తు ప్రకారం ఉంది, భయం లేదు.”

30×60 స్థలంలో ఉత్తరం వైపు ముప్పై అడుగులే అయితే ఆ రెంటి మధ్య దూరం పాతికడుగులు కూడా ఉండదు. ఇంకుడు రకం గుంతకూ, మంచినీటి బావికీ మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలి. మన రాతి నేలలో మురుగు మట్టిలో వడగట్టుకోదు, బండ చీలికల వెంట నేరుగా బోరులోకి పోతుంది. అడుగు వేయని రింగుల గుంత తవ్వితే బోరులోకి మురుగు వదిలినట్టే. చిన్న స్థలంలో అడుగు కాంక్రీటు వేసి, లోపల నీరు కారని పూత పూసిన ట్యాంకు కట్టి, బయటికి వచ్చే నీటిని మున్సిపల్ డ్రైనేజీకి కలపండి. ముగ్గు పోసే ముందే పక్కింటి గుంత ఎక్కడుందో అడగండి, వాళ్ల వాయవ్యం మీ ఈశాన్యాన్ని ఆనుకుని ఉండొచ్చు.

అపోహ: “600 గజాల లోపు స్థలానికి పర్మిషన్ పని లేదు.”

2020 తెలంగాణ బీపాస్ (భవన అనుమతుల) చట్టం కింద మున్సిపాలిటీల్లో అనుమతి అక్కర్లేక రిజిస్ట్రేషన్‌తో పోయేది 75 గజాల దాకానే, అదీ 7 మీటర్ల ఎత్తు లోపు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అందులో తప్పు రాస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది.

అపోహ: “చదరపు అడుగుకు ఇంత అన్నాడు, లెక్క తేలిపోయింది.”

ఏ అడుగు? స్లాబ్ ఏరియానా, గోడల లోపలిదా? బాల్కనీ, సజ్జ, మెట్ల గది పూర్తి రేటుకా, సగానికా? సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ, పిట్టగోడ, ఎలివేషన్, బండ కొట్టుడు ఆ రేటులో ఉన్నాయా? వీటిని కాగితం మీద రాయించి, డబ్బు ఫుటింగ్, బేస్‌మెంట్, స్లాబ్, గోడలు, పూత అని దశలుగా ఇవ్వండి. స్లాబ్ దశ చెల్లింపు పోసిన రోజు కాదు, పోట్లు తీసి కింద తేనెగూడులాంటి గుల్లలు లేవని చూసుకున్నాక.