కాళ్ళ కంటే ముందు మూత్రాశయం

వెన్నులో డిస్క్ ఆపరేషన్ అయిన కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు మొదట అడిగేది ఒకటే: ఎప్పుడు నడుస్తుంది? ఆ ఆత్రం సహజమే. కానీ మొదటి రెండు వారాలు కళ్ళు పెట్టాల్సింది దాని కాళ్ళ మీద కాదు, పొట్ట కింది భాగం మీద. కాళ్ళు లేవడం వారం ఆలస్యమైతే సాధారణంగా ప్రమాదం లేదు. మూత్రాశయం ఒకటి రెండు రోజులు నిండి బిగుసుకుపోతే మాత్రం ఆ దెబ్బ చాలాకాలం వెంటాడుతుంది.

డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. లోపల జిగురు, చుట్టూ గట్టి నారల పట్టీ. డాషండ్, షిట్జు, పెకినీస్, బీగిల్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి జాతుల్లో ఏడాది వయసుకే ఆ జిగురు గట్టిపడి సున్నం పట్టడం మొదలవుతుంది. 12వ క్రోమోజోములో అదనంగా వచ్చి చేరిన ఎఫ్‌జీఎఫ్4 జన్యువు నకలు దీని వెనక ఉందని 2017లో బయటపడింది. వీటి పొట్టి కాళ్ళకూ దానితో సంబంధం ఉంది. ఏదో ఒక రోజు, సోఫా మీంచి దూకినప్పుడో, ఒక్కోసారి ఏ కారణం లేకుండానో, పట్టీ చిట్లి గట్టిపడిన ముద్ద వెన్నుపాము మీదికి తన్నుకొస్తుంది. ఎక్కువగా ఇది పక్కటెముకలు ముగిసి నడుము మొదలయ్యే చోట జరుగుతుంది. అంతకు ముందున్న ఛాతీ భాగంలో కుడి, ఎడమ పక్కటెముకల తలలను కలుపుతూ డిస్క్ మీదుగా ఒక నారపట్టీ పోతుంది. డిస్క్‌ను పైకి రానివ్వకుండా అదే కాపు కాస్తుంది. ఆ కాపు లేనిచోటే దెబ్బ.

సర్జన్ ఎముకలో కిటికీ లాంటి దారి తెరిచి ముద్దను తీసేస్తారు. ఆపరేషన్‌తో పోయేది ఒత్తిడి ఒక్కటే. నలిగిన తంతువులు కోలుకోవడం ఆ తర్వాతి వారాల్లో జరుగుతుంది, దానికి ఒక వరుస ఉంది. పాదం ఎక్కడుందో మెదడుకు చెప్పే లావు తంతువులు ఒత్తిడికి ముందుగా దెబ్బతింటాయి. లోతుగా, చెదురుగా ఉండే సన్నటి నొప్పి తంతువులు ఆఖరుదాకా తట్టుకుంటాయి. తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా ఇదంతా తలకిందులు: ముందు నొప్పి తెలుస్తుంది, తర్వాత మనిషిని చూసి తోక ఊపుతుంది, కాళ్ళు కదుపుతుంది, పాదాన్ని సరిగ్గా మోపడం అన్నిటికన్నా చివర. నడక వచ్చిన నెలల తర్వాత కూడా కొన్ని కుక్కల పాదం వెనక్కి మడతపడేది ఇందుకే. ఆపరేషన్‌కు ముందు వేలి ఎముకను గట్టిగా నొక్కితే నొప్పి తెలిసిన కుక్కల్లో పదింట తొమ్మిది మళ్ళీ నడుస్తాయి. ఆ నొప్పి కూడా తెలియనివాటిలో సుమారు సగం. డిశ్చార్జ్ నాడే మీ కుక్క ఏ కోవలోదో డాక్టర్ని అడిగి రాయించుకోండి. రాబోయే రోజుల్లో దేనికి కంగారు పడాలో, దేనికి అక్కర్లేదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక మూత్రం సంగతి. నిండిందన్న కబురు మెదడుకు పోవాలి, వదలమన్న ఆజ్ఞ తిరిగి రావాలి. రెండిటికీ దారి వెన్నుపామే. దారి తెగినప్పుడు మూత్రనాళాన్ని మూసే కండరం బిగుసుకునే ఉంటుంది. లోపల నిండుతూ నిండుతూ, ఒత్తిడికి తాళలేక కాస్త బయటికి కారుతుంది. దుప్పటి తడిసింది కాబట్టి అదే పోసుకుంటోందని ఇంట్లోవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. అది నిండిన బిందె పొర్లడం లాంటిది. అలా సాగిపోయిన మూత్రాశయం, నరాలు బాగుపడ్డాక కూడా సరిగా ముడుచుకోలేదు.

లెక్క చూడండి. కుక్కకు కిలో బరువుకు గంటకు 1 నుంచి 2 మి.లీ. మూత్రం తయారవుతుంది. 10 కిలోల కుక్కకు ఎనిమిది గంటల్లో 80 నుంచి 160 మి.లీ. అందుకే రోజుకు మూడు నాలుగుసార్లు నొక్కి తీయాలి. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదకొండు అని పెట్టుకుంటే ఇంట్లో ఇద్దరు పంచుకోవచ్చు.

ఈ పని ఆసుపత్రి వదలకముందే డాక్టర్ చెయ్యి పక్కన మీ చెయ్యి పెట్టి నేర్చుకోవాలి. వీడియో చూస్తే రాదు. కుక్కను నిలబెట్టి, లేదా పక్కకు పడుకోబెట్టి, వెనక కాళ్ళకు కాస్త ముందు, పొట్టకు రెండువైపులా అరచేతులు ఆనించండి. నీళ్ళు నింపిన బుడగలా చేతికి తగులుతుంది. చిన్న కుక్కలో నిమ్మకాయంత ఉండొచ్చు, బాగా నిండితే బత్తాయంత. వేళ్ళ కొనలతో పొడవకుండా, చదునైన వేళ్ళతో రెండువైపుల నుంచీ మెల్లగా దగ్గరకు తెస్తూ తోకవైపు ఒత్తండి. ధార మొదలయ్యాక అదే ఒత్తిడి నిలపండి, ఆగాక ఒక్క నిమిషం విడిచి మళ్ళీ చూడండి. చివరికి చేతికి ఏమీ తగలకూడదు. ఎంత ఒత్తినా రాకపోతే బలం పెంచకండి, మూత్రాశయం చిట్లే ప్రమాదం ఉంది. కండరాన్ని సడలించడానికి ప్రాజోసిన్ లాంటి మందు డాక్టర్ రాస్తారు. అది రక్తపోటును తగ్గిస్తుంది కాబట్టి కుక్క మరీ నీరసపడితే వెంటనే చెప్పాలి.

లోపల మిగిలిపోయిన మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. మామూలు కుక్కయితే మంటకు మాటిమాటికీ కూర్చుంటుంది. దీనికి ఆ మంటే తెలియదు. వాసన, మడ్డి, ఎరుపు, వీటిని మీరే కనిపెట్టాలి. తెల్లటి పళ్ళెంలోకి పడితే రంగు తేలిగ్గా తెలుస్తుంది. అనుమానం వస్తే మిగిలిపోయిన మాత్రలేవో వేయకుండా, మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ పరీక్ష చేయించండి. మల విసర్జనతో ఇంత చిక్కు లేదు. నిండితే దానంతటదే బయటికొస్తుంది, శుభ్రం చేయడమే పని.

మూత్రం తర్వాత పట్టించుకోవాల్సింది నేల. మన ఇళ్ళలో టైల్స్, గ్రానైట్, మార్బుల్ ఎక్కువ. బలహీనమైన వెనక కాళ్ళు వాటి మీద రెండువైపులా జారిపోతాయి, జారిన ప్రతిసారీ నడుము మెలిపడుతుంది. కుక్క తిరిగే దారంతా రబ్బరు చాపలు, యోగా మ్యాట్‌లు, అవీ లేకపోతే జారకుండా అంచులు అతికించిన గోనెపట్టాలు పరవండి. మిగతా సమయమంతా, నాలుగు నుంచి ఆరు వారాలు, బోనులోనే. నిలబడి, తిరిగి, కాళ్ళు చాపి పడుకోవడానికి సరిపోతే చాలు, పరుగెత్తే చోటు ఉండకూడదు. చిట్లిన పట్టీ మీద మచ్చకణజాలం గట్టిపడటానికి అంత సమయం పడుతుంది. పదో రోజుకు నొప్పి తగ్గి కుక్క హుషారవుతుంది, జాలిపడి వదిలేసేది కూడా అప్పుడే. పట్టుదలగా ఉండండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి వెన్ను నేలకు సమాంతరంగా ఉంచండి. ముందు కాళ్ళు పట్టుకుని ఎప్పుడూ లేపకూడదు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు నడుము కింద టవల్ దూర్చి బరువు మీరు మోయాలి. మగ కుక్కకైతే టవల్ మూత్రం వచ్చే చోటుకు అడ్డం పడకుండా కాస్త ముందుకు జరపాలి.

కదల్లేని కుక్కను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి పక్క మార్చాలి. తుంటి, మోచేతుల దగ్గర చర్మం ఎర్రబడితే అది పుండుకు మొదలు. తడిసిన గుడ్డ వెంటనే తీసి, గోరువెచ్చని నీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అప్పటిదాకా స్నానం వద్దు, గాయం మీద పసుపు, నూనె వద్దు, మెడకు గరాటు కాలర్ తీయొద్దు. మొదటి రెండు మూడు రోజులు పల్చటి గుడ్డలో చుట్టిన ఐస్‌ను పది నిమిషాలు ఆనిస్తే వాపు తగ్గుతుంది. స్పర్శ లేని కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచి పెడితే కాలినా దానికి తెలియదు.

డాక్టర్ సరేనన్నాక కాళ్ళ వ్యాయామం. పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో మోకాలికి ఆసరా ఇచ్చి, సైకిల్ తొక్కించినట్టు ఒక్కో కాలినీ 10–15 సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. తర్వాత నాలుగు పాదాలూ సరిగ్గా మోపించి నిమిషమో రెండు నిమిషాలో నిలబెట్టండి. వేళ్ళ మధ్య గిల్లితే కాలు లాక్కుందని సంబరపడకండి. ఆ లాక్కోవడం మెదడు ప్రమేయం లేకుండానే జరిగే ప్రతిచర్య. తల తిప్పి చూసిందా, మూలిగిందా అన్నదే లెక్క.

మందుల్లో ఒక నియమానికి మినహాయింపు లేదు: స్టెరాయిడ్‌నూ, మెలాక్సికామ్ లాంటి నొప్పి మాత్రనూ కలిపి ఇవ్వకూడదు, కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. మలం తారులా నల్లగా వస్తే మాత్ర ఆపి ఫోన్ చేయండి. మనుషుల ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు విషం. నొప్పికి రాసే గాబాపెంటిన్ సిరప్ అయితే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో సీసా మీద చదవండి, అదీ విషమే.

వేలి ఎముకను నొక్కినా నొప్పి తెలియని కుక్కల్లో సుమారు పదింట ఒకదానికి వెన్నుపాము మెత్తబడి కుళ్ళుతూ పైకి పాకుతుంది. మొదటి వారం పది రోజుల్లో పొట్ట జావగారినట్టు వదులైపోయినా, ముందు కాళ్ళు బలహీనపడినా, శ్వాస కష్టమైనా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. దీనికి చికిత్స లేదు. బాధ పడనివ్వకుండా చేయడం మాత్రం డాక్టర్ చేతిలో ఉంది.

ఆరు వారాలయ్యాక తాడు కట్టి రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ నడిపించవచ్చు. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగిలేంత సన్నగా ఉంచండి, సోఫా పక్కన మెట్టు పెట్టండి. నడక రాని కుక్కలు చక్రాల బండితో ఏళ్ళ తరబడి హాయిగా తిరుగుతాయి. వాటిలో చాలావాటికి రోజుకు మూడు నాలుగుసార్లు మూత్రం నొక్కి తీయాల్సే ఉంటుంది. మొదటి వారంలో వణుకుతూ నేర్చుకున్న ఆ పని అప్పటికి రెండు నిమిషాల్లో అయిపోతుంది.