మాటు, కళాయి, తూకం: మా అంగట్లో రోజూ వినే అపోహలు

"బిందెలకు మాట్లేస్తాం, కళాయి పూస్తాం" అని నాయన సైకిలు మీద ఊరూరా కేకేసుకుంటూ తిరిగేవాడు. మాటు అంటే బొక్కకు వేసే అతుకు, కళాయి అంటే గిన్నె లోపల పూసే తగరం పూత. నాకు కావలిలో చిన్న అంగడి ఉంది కాబట్టి ఆ కేక బాధ తప్పింది. ఇత్తడి మళ్ళీ వంటింట్లోకి వచ్చాక ఇంకో బాధ మొదలైంది: గిన్నెతో పాటు ఫోన్లో విన్న మాట కూడా ఒకటి వెంట తెస్తున్నారు.

అపోహ: పాతది కరిగించి కొత్తది చేయడం ఈ కాలపు తెలివి.

తుర్కియే దక్షిణ తీరంలో కేప్ గెలిడోన్యా దగ్గర మునిగిన ఓడనొకదాన్ని 1960లో పరిశోధించారు. సుమారు 3200 ఏళ్ళ నాటిది. అందులో రాగి దిమ్మెలతో పాటు విరిగిన కంచు పనిముట్లు దొరికాయి. కరిగించి మళ్ళీ పోతపోయడానికి మోసుకెళ్తున్న సరుకు అది. పాత సామాన్ల బేరం అప్పుడే సముద్రం దాటిందన్నమాట.

అంత దూరం ఎందుకు, 1780ల్లో మన నెల్లూరు దగ్గరే ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న కుండ, దాని నిండా రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. ఆయన వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయి ఉంటాయి, ముప్పైకి పైగా మాత్రం ఆర్కాటు నవాబు కుటుంబం చేతికి చేరాయి. చరిత్ర చదివినవాళ్ళకు ఇది వింటే ప్రాణం ఉసూరుమంటుంది. నాకు మాత్రం ఆ రైతు మీద కోపం రాదు. నాణెం మీద బొమ్మ ఎవరిదో తెలియనప్పుడు బంగారం బంగారమే కదా.

అపోహ: ఏ మాటు వేసినా ఒకటే.

ఈ అపోహ ఒకప్పుడు నాదీ. పని నేర్చుకునే రోజుల్లో ఒకామె ఇత్తడి గుండిగ తెచ్చింది, అడుగున ఎవరో వేసిన మాటు ఉంది. కళాయి కోసం నిప్పుల మీద పెట్టి తిప్పుతున్నా. మాటు మెల్లగా జారి బొగ్గుల్లో పడింది. అడుగున రూపాయంత బొక్క! నాయన తిట్టలేదు, "తగరానికి ముందు ఏది కరుగుద్దిరా?" అని మాత్రం అడిగాడు. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. తగరం, సీసం కలిపిన టంకం 183కే కరగడం మొదలుపెడుతుంది, ఆ మాటు దానితో వేసిందే. పొయ్యి మీదికెక్కే పాత్రకు వెలిగారం (బోరాక్స్) చల్లి ఇత్తడితోనే అతకాలి. సీసం మాటు నీళ్ళ బకెట్టుకైతే సరే, వంటపాత్రకు వద్దు.

అపోహ: తళతళలాడితే మంచి కళాయి.

మెరుపు చూసి మోసపోకండి. పాత్రను శుభ్రంగా తోమి, కాల్చి, నవాసారం (అమోనియం క్లోరైడ్) చల్లగానే ఘాటైన తెల్లపొగ లేస్తుంది. తగరం కడ్డీని అలా తాకించి, దూదితో ఒక్క చుట్టు తిప్పితే లోపలంతా వెండిలా పరుచుకుంటుంది. సీసం కలిపినా చూడ్డానికి అలాగే ఉంటుంది, చవకగానూ పడుతుంది. అందుకే కడ్డీ అడిగి తీసుకోండి. చెవి దగ్గర పెట్టుకుని వంచితే అసలు తగరం కిర్రుమంటుంది. తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా నల్లగా పడిందా, అందులో సీసం ఉంది. ఈ పరీక్ష అడిగితే మొహం మాడ్చుకునే వాడికి గిన్నె ఇవ్వకండి. నాతో సహా.

ఇంకొకటి, కళాయి జీవితాంతం ఉండదు. గరిటె గీకుతుంది, పులుసు తింటుంది. మన చేపల పులుసు చింతపండు సంగతి తెలిసిందే కదా! లోపల ఎర్రగానో పచ్చగానో ఇత్తడి తొంగిచూసిందంటే చిలుము పులుసులోకే దిగుతుంది. "ఏందబ్బాయా, పోయినేడే కదా పూయించింది" అంటారు. పూయించింది నిజమే, వారానికి నాలుగు పులుసులు కాచిందీ నిజమే. నన్నడిగితే చేపల పులుసుకు మట్టి దాక, ఇత్తడికి పొంగలి.

అపోహ: బాగుచేయించుకోవడం లేనివాళ్ళ పని.

బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఒక ముచ్చట ఉంది. ఉదయన రాజు రాణులు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి అయిదు వందల వస్త్రాలిచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటావని రాజు ఆరా తీశాడు. చివికిన బట్టలున్న భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ చివికినవి? పక్క మీదికి, ఆ తర్వాత నేల మీదికి, కాళ్ళు తుడుచుకోవడానికి, దుమ్ము దులపడానికి. చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి నేలకు పూత. వచ్చింది అంతఃపురం నుంచి, ఆరా తీసింది రాజు!

అలాగని పాతవాళ్ళు ఏదీ పారేయలేదనీ అనుకోవద్దు. పాత దిబ్బలు ఎక్కడ తవ్వినా కుండపెంకులే. లోహాన్ని వదల్లేదు, మట్టిని వదిలేశారు.

లోహమైనా ఎన్నిసార్లు కరిగించినా అంతే ఉంటుందనేది సగమే నిజం. ఇత్తడిలో జింకు ఉంటుంది, 907 డిగ్రీలకే ఆవిరి కడుతుంది. ప్రతి కరుగుకీ కొంత తెల్లపొగై పోతుంది. కాబట్టి మాటుతో బతికే బిందెను తూకానికి వేయకండి. అడుగు మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. గట్టిగా నిలిస్తే నా దగ్గరికి తెండి. అట్టముక్కలా లోపలికి పోతే మాత్రం నేనూ తూకమే వేస్తాను.