గోదావరి ఇసుక ఎక్కడిదాకా వెళ్లింది? కృష్ణా–గోదావరి బేసిన్ పాత పటాల కథ

కృష్ణా–గోదావరి బేసిన్ (యుగాల తరబడి ఇసుక, బంకమట్టి పొరలు పేరుకున్న పల్లం) గ్యాస్ వలస కేసులో రిలయన్స్‌కు అనుకూలంగా 2018లో వచ్చిన ఆర్బిట్రేషన్ తీర్పును ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2025 ఫిబ్రవరిలో కొట్టివేసినప్పుడు, పత్రికల్లో చర్చ అంతా డాలర్ల లెక్క చుట్టూనే తిరిగింది. పక్కపక్కనే ఉన్న బ్లాకుల్లో (అన్వేషణ కోసం కంపెనీలకు కేటాయించిన సముద్ర భాగాల్లో) ఓఎన్‌జీసీ వైపు నుంచి రిలయన్స్ వైపుకు సుమారు 1,100 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ తరలిందని డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ అనే అమెరికన్ చమురు సలహా సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ఆ కేసుకు కీలకమైన ఆధారం. బ్లాకుల సరిహద్దును కాగితం మీద అధికారులు గీశారు. ఇసుక పొరలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో మాత్రం ప్లయోసీన్ కాలంలో, అంటే 53 లక్షల నుంచి 26 లక్షల ఏళ్ల కిందటి నడుమ, సముద్రపు వాలు మీద పారిన ప్రవాహాలు నిర్ణయించాయి. కోర్టు గదిదాకా వచ్చిన ఈ తగవు వెనుక, ఏ కాలంలో ఏ చోట నది ఉంది, ఏ చోట మడుగు ఉంది, ఏ చోట లోతు సముద్రం ఉంది అని పటం గీయడానికి నూట నలభై ఏళ్లకు పైగా సాగుతున్న ప్రయత్నం ఉంది.

ఆ ప్రయత్నం నేల మీద మొదలైంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1880లో ప్రచురించిన గ్రంథంలో గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్లను గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అనే శ్రేణులుగా విడదీశాడు. ఇక్కడ తిరుపతి అంటే ద్వారకా తిరుమల దగ్గరి గుట్టలే తప్ప చిత్తూరు వైపు తిరుపతి కాదు. రాఘవాపురం బంకరాతి పొరల్లో నేల మీద పెరిగిన మొక్కల ఆకుల అచ్చులూ, సముద్రజీవులైన అమ్మోనైట్ల గుల్లలూ కలిసి దొరకడం ఆనాటి పరిశోధకులను ఆకట్టుకుంది. ఆకులు కొట్టుకొచ్చి పడేంత దగ్గరలో నేల ఉన్న సముద్రం అన్నమాట. భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోతూ నేల చీలినప్పుడు, బాపట్ల, తణుకు వంటి మెట్టల నడుమ ఏర్పడ్డ పల్లాల్లోకి అలా సముద్రం మొదటిసారి చొచ్చుకొచ్చింది. వంద ఏళ్ల తరవాత చమురు కంపెనీలు ఆ రాఘవాపురం పొరనే లోతుల్లో వెతికాయి. బేసిన్‌లో చమురు, గ్యాస్ పుట్టిన ముఖ్యమైన మూలశిలల్లో అదొకటి.

రాజమండ్రి చుట్టుపక్కల గౌరీపట్నం, కాతేరు క్వారీల దగ్గర మరో పుట కనిపిస్తుంది. దక్కన్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అక్కడ రెండు అంతస్తులుగా గట్టిపడింది. ఆ నల్లరాయి నడుమ కొద్ది మీటర్ల మందంలో సున్నపురాయి, బంకమట్టి ఉన్నాయి. అందులోని సూక్ష్మ గవ్వలను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం, ఆ పొర డైనోసార్లు అంతరించిన వెంటనే, పాలియోసీన్ ఆరంభంలో, నదీముఖాల్లోనూ తీరపు మడుగుల్లోనూ పేరుకున్నదని 2008లో తేల్చింది. మనిషెత్తుకు కాస్త ఎక్కువ ఉండే రాతి ముఖంలో ఉప్పునీరు రావడం, పోవడం, నేల బయటపడటం అన్నీ చదువుకోవచ్చు. సముద్రం కింద ఇలాంటి గోడ ఎక్కడా కనిపించదు.

అక్కడ ఆధారాలు చేతికి ముక్కలుగానే అందుతాయి. బావి తవ్వేటప్పుడు బురదతోపాటు పైకి వచ్చే రాతి తునకలు, ఖర్చు భరించగలిగితే తీసే కోర్ (రాతి కడ్డీ), గామా కిరణాల లాగ్ (బావి పొడవునా రాళ్ల నుంచి వచ్చే కిరణాల కొలత), సీస్మిక్ సర్వే (ధ్వని తరంగాల ప్రతిధ్వనితో పొరల బొమ్మ తీయడం), ఇవే ఆధారం. బంకమట్టిలో గామా రీడింగ్ ఎక్కువ, శుభ్రమైన ఇసుకలో తక్కువ. పైకి వచ్చేకొద్దీ రీడింగ్ క్రమంగా తగ్గితే ముందుకు జరుగుతున్న డెల్టా ముఖం కావచ్చు, క్రమంగా పెరిగితే పూడిపోతున్న కాలువ కావచ్చు. ఈ ‘కావచ్చు’ను ‘అవును’గా మార్చేది ఫోరామినిఫెరా. ఆవగింజ కన్నా చిన్నవైన ఈ గుల్లజీవుల్లో అమ్మోనియా జాతి లోతు తక్కువగా ఉండి ఉప్పదనం మారే నీళ్లలో బతుకుతుంది. యువిజెరీనా లాంటివి లోతును కోరుకుంటాయి. నీటి పైభాగంలో తేలే రకాల వాటా తీరం నుంచి దూరం జరిగేకొద్దీ పెరుగుతుంది.

పాత సముద్రాన్ని చదవాలంటే ఇప్పటి సముద్రం తెలియాలి. విశాఖపట్నం పాత్ర అక్కడే మొదలవుతుంది, దానికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. సి.వి. రామన్ శిష్యుడు సి. మహదేవన్ నడిపిన ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర శాఖ, 1950లలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ రాకతో తీరం దాటి సముద్రపు అడుగు మీద దృష్టి పెట్టింది. తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు అడుగును ఖండపు అరుగు అంటారు, దాని అంచు నుంచి లోతుకు దిగేది ఖండపు వాలు. ఆ వాలును కోసుకుంటూ దిగే లోయలకు లాఫాండ్ 1964లో ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. అరుగు అంచు దాటిన ఇసుక అలాంటి లోయల దారిన లోతుకు జారిపోగలదు.

అదే 1964లో ఎం. సుబ్బారావు తూర్పు తీరపు అరుగు మీది మట్టి, ఇసుకల గురించి ప్రచురించిన అధ్యయనం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. తీరం నుంచి దూరం పోయేకొద్దీ రేణువు సన్నబడుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తూర్పు తీరంలో లోపలి అరుగు మీద బంకమట్టి ఉంటే, బయటి అరుగు మీద ఇసుక, దానిలో ఊలైట్లనే గుండ్రటి సున్నపు గుళికలు ఉన్నాయి. అవి లోతు తక్కువ నీళ్లలోనే తయారవుతాయి. ఇరవై వేల ఏళ్ల కిందటి మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగినప్పుడు తీరరేఖ బయటికి జరిగింది. ఆనాటి లోతు తక్కువ నీళ్ల గుర్తులే ఇప్పుడు మునిగి ఉన్నాయి. సముద్రమట్టం మార్పును లెక్కలోకి తీసుకోకుండా గీసిన పటం ఎంతగా దారి తప్పించగలదో చెప్పడానికి విశాఖ ముంగిట్లో ఉన్న ఈ ఉదాహరణ చాలు. ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఖనిజాలు కూడా ఇక్కడే ఉన్నాయి: మన బీచ్ ఇసుకలో మెరిసే గార్నెట్, సిల్లిమనైట్ తూర్పు కనుమల్లోని ఖొండలైట్ అనే రాయివి, గోదావరి మోసుకొచ్చే స్మెక్టైట్ బంకమన్ను చాలావరకు దక్కన్ నల్లరాయిది.

ఓఎన్‌జీసీ 1978లో నరసాపురం వద్ద తొలి లోతైన బావి తవ్వింది. మత్స్యపురి–పాలకొల్లు భ్రంశానికి (నేల పొరలు విరిగి జారిన చీలికకు) సముద్రం వైపు టెర్షియరీ పొరలు, అంటే డైనోసార్లు అంతరించిన తరవాతి కాలపు పొరలు, ఒక్కసారిగా మందమవుతాయని క్రమంగా స్పష్టమైంది. డెల్టా ఆ అంచు దాటి కుమ్మరించిన ఇసుక కోసం అన్వేషణ సముద్రంలోకి సాగింది. 1987లో ప్లయోసీన్‌కు ముందటి మయోసీన్ కాలపు ఇసుకల్లో రవ్వ చమురు క్షేత్రం బయటపడింది.

లోతు సముద్రంలో కథ మారింది. 2002లో రిలయన్స్‌కు దొరికిన ధీరూభాయ్ (డీ1, డీ3) గ్యాస్ క్షేత్రాల్లో రిజర్వాయర్, అంటే గ్యాస్ నిలిచిన పొర, డెల్టా ఇసుక కాదు. వాలు మీద బురద ప్రవాహాలు తొలిచి, నింపి, గట్లు కట్టి, మళ్లీ తొలిచిన కాలువల ఇసుక. సీస్మిక్ చిత్రంలో అవి మెలికలు తిరుగుతూ స్పష్టంగా కనిపిస్తాయి, కానీ ఒక కాలువలోని గ్యాస్ పక్క కాలువలోకి పారగలదా అన్నది బొమ్మ చెప్పదు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, మరుసటి ఏడాదికే తగ్గుముఖం పట్టింది. 2006లో సుమారు పది ట్రిలియన్ ఘనపుటడుగులన్న నిల్వల అంచనా తరవాత దాదాపు మూడో వంతుకు దిగింది. భూగర్భ సంక్లిష్టతే కారణమని కంపెనీ చెప్పింది, అనుకున్నన్ని బావులు తవ్వకపోవడమేనని ప్రభుత్వం వాదించింది. 2020 ఫిబ్రవరిలో ఆ డీ1, డీ3 క్షేత్రాలు మూతపడ్డాయి. విచిత్రమేమిటంటే, వలస కేసు సరిహద్దు దాటి ఇసుక కలిసి ఉందా అని అడిగితే, ఉత్పత్తి తగ్గుదల సరిహద్దు లోపలే ఇసుక ఎంత కలిసి ఉందని అడిగింది.

గ్యాస్ హైడ్రేట్ల (సముద్రపు అడుగున మంచులా గడ్డకట్టిన గ్యాస్, నీటి మిశ్రమం) అన్వేషణదీ ఇదే దారి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక ఈ బేసిన్‌లోని ఒక బావిలో వంద మీటర్లకు మించిన మందంలో హైడ్రేట్‌ను కనుగొంది, అయితే అది పగుళ్లు వారిన బంకమట్టిలో ఉంది. అక్కడి నుంచి గ్యాస్ రాబట్టడం కష్టం. అందుకే 2015లో చిక్యూ నౌకతో సాగిన రెండో విడతకు, సీస్మిక్ సమాచారంలో ఇసుక నింపిన పాత కాలువలు, వాటి గట్లు ఉన్నాయనిపించిన చోట్లను ముందుగా పటం గీసి ఎంచుకున్నారు. బావులు తవ్వగా అక్కడ హైడ్రేట్ నిండిన ఇసుక పొరలు తగిలాయి.