‘ఫియర్‌లెస్’ రెండుసార్లు ఎందుకు రికార్డయింది?

టేలర్ స్విఫ్ట్ 2025 మే నెలలో తన తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగులను, అంటే పాటల అసలు రికార్డింగులను, షామ్‌రాక్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ నుంచి కొనుగోలు చేశారు. వాటి యాజమాన్యంపై ఆరేళ్లు సాగిన వివాదానికి మూలాలు ఆమె కంట్రీ గాయనిగా నిలదొక్కుకున్న తొలినాళ్లలోనే ఉన్నాయి.

పెన్సిల్వేనియాలో పుట్టిన స్విఫ్ట్‌కు 14 ఏళ్లున్నప్పుడు ఆమె కుటుంబం నాష్‌విల్ సమీపంలోని హెండర్సన్‌విల్‌కు తరలి వచ్చింది. తన పాటలు తానే రాసుకోవాలన్న పట్టుదలతో ఆమె ఆర్‌సీఏ అనే రికార్డు సంస్థతో ఉన్న తొలి ఒప్పందాన్ని వదులుకుని, బ్లూబర్డ్ కెఫేలో తన పాట విన్న స్కాట్ బోర్చెటా 2005లో స్థాపించిన బిగ్ మెషీన్ సంస్థలో చేరారు. బిగ్ మెషీన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ సంస్థకే చెందుతాయి. ఖర్చు పెట్టిన కంపెనీయే రికార్డింగుకు యజమాని కావడం ఆ పరిశ్రమలో దశాబ్దాల ఆనవాయితీ కనుక, అప్పట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు.

2008 నవంబరులో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఫియర్‌లెస్’లోని 13 పాటల్లో ఏడింటిని ఆమె ఒంటరిగా, మిగిలినవాటిని లిజ్ రోజ్ తదితరులతో కలిసి రాశారు. అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 11 వారాలు అగ్రస్థానంలో నిలిచిన ఈ ఆల్బమ్, 2010లో 20 ఏళ్ల వయసులోనే ఆమెకు ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ గ్రామీని తెచ్చిపెట్టింది.

2018లో బిగ్ మెషీన్‌తో ఒప్పందం ముగిసి ఆమె వేరే సంస్థకు వెళ్లారు. 2019 జూన్‌లో సంగీత రంగ మేనేజర్ స్కూటర్ బ్రాన్‌కు చెందిన ఇథాకా హోల్డింగ్స్ బిగ్ మెషీన్‌ను కొనడంతో మాస్టర్లు ఆ సంస్థ చేతికి చేరాయి. ఈ అమ్మకంపై ఆమె బహిరంగంగా ఆవేదన వ్యక్తం చేశారు. మరుసటి ఏడాది అవి షామ్‌రాక్‌కు మారాయి.

ఈ చరిత్రలో అమ్మకాల కన్నా ముఖ్యమైనది రచనే అని చెప్పాలి. అమెరికా చట్టంలో పాటపై (సాహిత్యం, బాణీలపై) హక్కు వేరు, దాని రికార్డింగుపై హక్కు వేరు. మాస్టర్లు చేజారినా రచయిత్రిగా పాటలపై ఆమె హక్కు చెక్కుచెదరలేదు. సినిమాలోనో ప్రకటనలోనో పాట వాడుకోవాలంటే రెండు హక్కుల యజమానులూ ఒప్పుకోవలసిందే. పైగా మొదటి ఐదు ఆల్బమ్‌లను తిరిగి రికార్డు చేయకూడదన్న నిబంధన గడువు 2020 నవంబరుతో తీరింది. అంటే తన పాటలను మళ్లీ పాడి, తనకే చెందే కొత్త రికార్డింగులు చేసుకునే వీలు ఆమెకు కలిగింది. 14 ఏళ్ల వయసులో ఆమె పట్టిన పట్టు ఇక్కడ అక్కరకొచ్చింది.

అలా 2021 ఏప్రిల్ 9న ‘ఫియర్‌లెస్’ కొత్త రికార్డింగు వెలువడింది. పాత పాటలతోపాటు, గతంలో పక్కన పెట్టేసిన ఆరు పాటలు కూడా అందులో చేరాయి. తిరిగి రికార్డు చేసిన ఆల్బమ్ ఒకటి బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి చేరడం అదే తొలిసారి. ఆ తర్వాత మరో మూడు ఆల్బమ్‌లు ఇదే దారిలో వచ్చాయి. 2025 కొనుగోలుతో ‘ఫియర్‌లెస్’ పాత, కొత్త రికార్డింగులు రెండూ ఆమె సొంతమయ్యాయి.